ఎక్కడం వేరు, ఎక్కించడం వేరు: తెలుగు తెరమీద వికలాంగులు

గత ఉగాది సంచికలో మేము ఒక ఛాయాచిత్రం ప్రచురించాము. మన సభామంటపంలో ఉగాది సాయంత్రం వృద్ధ కళాకారులకు సన్మానం జరిగింది. ఆ పిమ్మట "సిరివెన్నెల" చిత్రం ప్రదర్శించారు. సన్మానం పొందినవారిలో ఒక పెద్దాయన చక్రాల కుర్చీలో వచ్చారు. చక్కెర వ్యాధి ముదిరి ఆయనకు ఒక కాలు తీసివేశారు. నలుగురు యువకులు ఆయనను కుర్చీతో సహా ఎత్తి, గుమ్మం ముందున్న మూడు మెట్లూ, ఆపైన వేదికకున్న అయిదు మెట్లూ ఎక్కించారు. హాలంతా చప్పట్లు మోగాయి. మేము ఆ దృశ్యాన్ని ఫొటో వేసి, కింద "మన యువతరం సేవాభావం" అని రాశాము.

పత్రిక వెలువడిన వారానికి ఆయన ఫోను చేశారు. కోపంగా మాట్లాడలేదు. "బాబూ, ఆ హాలులో నేను ముప్పై ఏళ్ళు హరిశ్చంద్రుడి వేషం కట్టాను. ముప్పై ఏళ్ళూ ఆ వేదిక నేనే ఎక్కాను. ఆ రోజు మాత్రం నన్ను ఎక్కించారు. మీరు ఎక్కించినవాళ్ళ పేర్లు వేశారు. నా పేరు వేయలేదు" అన్నారు.

సంచిక తీసి చూశాము. నిజమే. నలుగురు యువకుల పేర్లూ, వారి తండ్రుల పేర్లూ ఉన్నాయి. ఆయన మాత్రం "ఒక వృద్ధ కళాకారుడు".

ఆయనకు క్షమాపణ చెప్పుకొన్నాము. అంతటితో ఊరుకొనవచ్చును. కాని ఆ మాటలు మాకు అంత సులభంగా ఎలా తోచాయన్న ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఆ రాత్రి తెరమీద చూపులేని వేణు విద్వాంసుణ్ణి చూసి కంటతడి పెట్టినవారిలో మేమూ ఉన్నాము. ఆట ముగిసిన తరువాత ఆ పెద్దాయన, మోసేవాళ్ళు దొరికేదాకా ఖాళీ కుర్చీల మధ్య కాచుకొని కూర్చున్నారు. మేము పలకరించి ఇంటికి వెళ్ళిపోయాము. తెరమీది మనిషి కోసం ఏడ్చిన కన్ను, ఎదుటి మనిషిని చూడలేకపోయింది. ఈ రెండు చూపులకూ సంబంధం ఉన్నదని మా అనుమానం. మన ఇళ్ళలో తెలుగు చదివేవారు తగ్గారు గాని తెలుగు సినిమా చూసేవారు తగ్గలేదు. కనుక మనమందరం ఎరిగిన కొన్ని చిత్రాలను ఈ దృష్టితో తిరిగి పరిశీలించాము. ప్రతి చిత్రాన్నీ మేము అడిగిన ప్రశ్న ఒక్కటే: మనిషికి అడ్డు ఎక్కడున్నదని ఈ కథ అనుకుంటున్నది? అతని దేహంలోనా, మనస్సులోనా, లేక అతని ఎదుట మనం కట్టిపెట్టిన మెట్టులోనా?

ఈ ప్రశ్న మన జాతికి కొత్తదేమీ కాదు. మద్రాసు నుంచి బయలుదేరిన "ట్రూరో" ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరినది మొదలు 1911 వరకు గిర్మిట్ కింద నాటాలుకు వచ్చినవారు 152,184 మంది. విశాఖపట్టణం, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి వచ్చిన మన పెద్దలు వారిలోనివారే. ముత్తాతల ఆనవాళ్ళ కోసం ఓడ జాబితాలు తిరగవేసిన పాఠకులకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, వీటితో పాటు దేహము మీది గుర్తులు రాసేవారు. మచ్చలూ గాట్లూ చూసి మనిషిని ఆనవాలు పట్టేవారు. ఓడ ఎక్కకముందే వైద్యుడు దేహాన్ని పరీక్షించేవాడు. తోటపని చేయగల దేహానికే ఒప్పందం. ఇక్కడికి వచ్చాక పనికిరారని తేలినవారిని తిరుగు ఓడ ఎక్కించి పంపిన సందర్భాలూ ఉన్నాయి. చేతులు ఎంత చెరకు కొట్టగలవో మనిషి విలువ అంతే అన్న లెక్కతో ఈ గడ్డమీద మన చరిత్ర మొదలయింది. గిర్మిట్ పోయినా ఆ లెక్క మన ఇళ్ళలో నిలిచిపోయింది. కాలు వంకరైన బిడ్డనో, మాట రాని బిడ్డనో అక్క పెళ్ళిచూపుల నాడు వెనుక గదిలో కూర్చోబెట్టిన సంగతులు మన పెద్దవారు ఎరుగనివి కావు.

తరువాతి కథ ఇంకా దగ్గరిది. ప్రత్యేక వసతుల చట్టం 1953లో వచ్చింది. 1990లో రద్దయ్యే వరకు, సముద్రపు ఒడ్డున బెంచీ మీద కూర్చోవాలన్నా ముందు బోర్డు చూసుకోవలసి వచ్చేది. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి "మీ చర్మపు రంగు మీకొక లోపం, మనోబలంతో దానిని జయించండి" అని హితబోధ చేస్తే మన పెద్దలు ఒప్పుకొని ఉండేవారా? లోపం మా చర్మంలో లేదు, మీ బోర్డులో ఉన్నది, బోర్డు పీకివేయండి అన్నారు. దాని కోసం జైళ్ళకు వెళ్ళినవారున్నారు. అదే మాట కాలు లేని మనిషి అంటే మాత్రం మనకు వెంటనే బోధపడటం లేదు. కాలు పోవడం బాధ కాదని ఎవరూ అనరు. ఆ బాధకు వైద్యులు చేయగలిగినది చేశారు. ఉగాదినాడు ఆయనను గుమ్మం దగ్గర ఆపినది పోయిన కాలు కాదు, మూడు మెట్లు.

ఇక కథల సంగతికి వద్దాము. సినిమాలకు ముందే మన పురాణాలూ సామెతలూ ఈ విషయంలో మనకు కొంత నేర్పి పెట్టాయి. మంథరకు గూని ఉన్నది కనుక బుద్ధి కూడా వంకర అన్నట్లు హరికథల్లో వినిపిస్తారు. ధృతరాష్ట్రుని కళ్ళకూ అతని పుత్రవ్యామోహానికీ ముడిపెట్టి చెబుతారు. "చెవిటివాని ముందు శంఖమూదినట్లు", "గుడ్డెద్దు చేలో పడ్డట్లు" అని రోజూ మాట్లాడుకుంటాము. అష్టావక్రుని కథ ఒక్కటి వేరుగా కనిపిస్తుంది. తన వంకరలు చూసి నవ్విన జనకుని సభను ఆయన నిలదీశాడు. కాని ఏమని నిలదీశాడు? చర్మం చూసి విలువ కట్టేవారు చర్మకారులు గాని పండితులు కారన్నాడు. తన మీది చులకనను తీసి మరొక వృత్తివారి మీద పెట్టాడు. గాథ గొప్పదే. అయినా ఒకరి మెట్టు తీసి ఇంకొకరి ముందు పెట్టడం మెట్టు తీసివేయడం కాదు.

సినిమాలలో మొదట "మయూరి". 1985లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో రామోజీరావు నిర్మించిన చిత్రమిది. నర్తకి సుధా చంద్రన్ 1981లో బస్సు ప్రమాదానికి గురయ్యారు. కాలు తీసివేయవలసి వచ్చింది. జైపూరు కాలు అమర్చుకొని ఆమె తిరిగి నాట్యం చేశారు. ఆ జీవితకథలో ఆమే నటించడం ఈ చిత్రానికున్న మొదటి బలం. కాలు లేనట్లు నటించేవారిని చూడటం వేరు, నిజంగా ఆ కాలితో తాళం వేసే మనిషిని చూడటం వేరు. అడుగు పడినప్పుడు ప్రేక్షకుని ఊపిరి ఆగుతుంది. అది నటన వల్ల వచ్చిన ఉత్కంఠ కాదు.

అయితే "మయూరి" చూసి వచ్చినవారు ఏమి చెప్పుకొన్నారు? పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు అని. ఆమె పట్టుదలను మేము తక్కువ చేయము. కాని ఆ కథలో రెండవ నాయకుడు ఒకడున్నాడు. అది ఆ కృత్రిమ పాదం. జైపూరులో రామచంద్రశర్మ అనే శిల్పి, పి.కె. సేథీ అనే వైద్యుడు కలిసి దానిని రూపొందించారు. అంతకుముందు విదేశీ నమూనాలో చేసే పాదాలు బూటు తొడుక్కొని కుర్చీలో కూర్చొనే మనిషి కోసం చేసినవి. మన మనిషి చెప్పులు లేకుండా పొలం గట్టున నడుస్తాడు, గొంతుకు కూర్చొంటాడు, నేలమీద భోంచేస్తాడు. ఆ జీవితానికి సరిపడేటట్లు రబ్బరుతో ఆ పాదం చేశారు. బూటు వేసుకొని బ్రతకడం నేర్చుకో అని మనిషికి చెప్పలేదు. మనిషి బ్రతుకును చూసి పాదాన్ని మార్చారు. మా దృష్టిలో "మయూరి" కథలో తీసుకోవలసిన నీతి ఇదే. మనం దానిని వదలి పట్టుదల ఒక్కటే తీసుకున్నాము. ఎందుకంటే పట్టుదల ఆమె చూసుకోవలసిన పని. పాదం మారాలంటే మనమూ పూనుకోవాలి.

మరుసటి సంవత్సరం, 1986లో, కె. విశ్వనాథ్ చిత్రాలు రెండు వచ్చాయి. మొదటిది "సిరివెన్నెల". చూపులేని వేణు విద్వాంసుడుగా సర్వదమన్ బెనర్జీ, మాట రాని చిత్రకారిణిగా సుహాసిని నటించారు. తెరవెనుక వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. గీత రచయిత సీతారామశాస్త్రికి ఈ చిత్రం పేరే ఇంటిపేరయింది. దీనిలోని కథావస్తువు చాలా గొప్పది. ఆమె చెప్పదలచినది సైగలో, బొమ్మలో ఉన్నది. అవి అతనికి కనబడవు. అతడు వినగలడు, ఆమె పలకలేదు. ఇద్దరి మధ్య వంతెన ఎలా వేయాలి? ఇది నిజమైన ప్రశ్న. లోపం ఈమెలోనో అతనిలోనో కాక ఇద్దరి నడుమనున్న ఖాళీలో ఉన్నదని, ఆ ఖాళీని దాటడానికి ఇద్దరూ కొత్త దారి వెదకాలని ఈ చిత్రానికి తెలుసు. తెలుగులో ఈ సంగతి ఇంత చక్కగా పట్టుకొన్న చిత్రం మరొకటి మాకు కనబడలేదు.

కాని ఆ దారి వెదికే భారం ప్రేమికుల మీదనే పడింది. ఊరికి దానితో పనిలేదు. పైగా అతడు మామూలు మనిషి కాడు, అపూర్వ విద్వాంసుడు. లోకం అతనిని ఆదరించినది వేణువు విని. మరి వేణువు రాని చూపులేనివాడు, కూలిపనికో, గుమాస్తా పనికో పోవలసినవాడు ఈ కథలోకి ఏ గుమ్మం నుంచి రావాలి? మన సన్మానసభ కూడా అంతే చేసింది. ఆ పెద్దాయన హరిశ్చంద్రుడు కనుక నలుగురు మోశారు. నాటకం ఆడని చక్రాల కుర్చీవారు ఇన్నేళ్ళలో ఎంతమంది ఆ మూడు మెట్లు చూసి వెనుదిరిగారో మేము ఎన్నడూ లెక్క పెట్టలేదు. రాని మనిషి పేరు హాజరుపట్టీలో ఉండదు గదా.

రెండవ చిత్రం "స్వాతిముత్యం". ఆస్కార్ పోటీకి భారతదేశం తరఫున వెళ్ళిన చిత్రం. వయస్సు వచ్చినా బుద్ధి పసితనంలో నిలిచిపోయిన శివయ్యగా కమల్ హాసన్, బిడ్డతో ఉన్న వితంతువు లలితగా రాధిక నటించారు. సీతారాముల కల్యాణ వేళ అతడు ఆమె మెడలో తాళి కట్టే ఘట్టం ఎవరూ మరువలేరు. ఈ చిత్రంలో మాకు నచ్చినది కథ చివరకు శివయ్య "బాగుపడక" పోవడం. అద్భుతమేమీ జరగదు, మందులేమీ పనిచేయవు. అతడు అతనిగానే భర్త అవుతాడు, ఉద్యోగం చేస్తాడు, తండ్రి, తాత అవుతాడు. వికలాంగునికి పూర్తి జీవితం ఇచ్చిన కథ ఇది. ఉద్యోగం చేయాలని అతనిని ముందుకు నెట్టేది లలిత. జాలిపడి ఇంట్లో కూర్చోబెట్టదు.

లోటు ఎక్కడున్నదంటే, శివయ్య వెన్నముద్ద. అతనికి ద్వేషం లేదు, స్వార్థం లేదు. ఇంత స్వచ్ఛమైనవాడు కనుకనే ప్రేక్షకుడు అతని పెళ్ళిని ఒప్పుకున్నాడు. మన మధ్య అటువంటి బిడ్డలను పెంచుతున్న తల్లులను అడిగి చూడండి. మా వాడికి మొండితనం ఉన్నది, కోపం వస్తే పళ్ళెం విసురుతాడు, ఒక్కొక్కప్పుడు అబద్ధమూ ఆడతాడు అంటారు. అయినా వాడు గుడికి రావాలి, పెళ్ళి విందులో బంతిలో కూర్చోవాలి. మంచివాడైతేనే బంతిలో చోటు అన్న నియమం మనలో మిగతా వాళ్ళెవరికీ లేదు.

ముప్పై ఏళ్ళ తరువాత, 2016లో వంశీ పైడిపల్లి "ఊపిరి" వచ్చింది. 2011 నాటి ఒక ఫ్రెంచి చిత్రం దీనికి మూలం. మెడ కింద కదలిక లేని ధనవంతుడుగా నాగార్జున, అతనిని చూసుకునే పనివాడుగా కార్తి నటించారు. తనమీద జాలి పడని మనిషినే అతడు పనికి కోరుకోవడం ఈ కథలోని ఆయువుపట్టు. దయ ఎంత బరువో మోయించుకొన్నవానికే తెలుస్తుంది. ఈ మాట మేము ఫోనులో కూడా విన్నాము. కాని కథానాయకునికి భవనమున్నది, కార్లున్నాయి, జీతగాళ్ళున్నారు. ఆ చక్రాల కుర్చీ ఎక్కడా మెట్టు దగ్గర ఆగిపోదంటే దానికి కారణం డబ్బు. ఆ డబ్బు లేని ఇంట చక్రాల కుర్చీ దొరకడమే ఒక కథ. అది ఎవరూ తీయలేదు.

2018లో వచ్చిన సుకుమార్ "రంగస్థలం" మరొక దారి తొక్కింది. రామ్ చరణ్ వేసిన చిట్టిబాబుకు వినికిడి తక్కువ. ఊరివాళ్ళు "సౌండ్ ఇంజనీర్" అని వేళాకోళం చేస్తారు. అతడు మహావిద్వాంసుడు కాడు, వెన్నముద్ద కాడు, ధనవంతుడు కాడు. ప్రేమిస్తాడు, కొట్లాడతాడు, పొరపడతాడు. తెలుగు తెరమీద వికలాంగునికి మామూలు మనిషి హోదా దక్కిందని మేము సంతోషించాము. మొదటి సగంలో మనల్ని నవ్వించిన ఆ వినికిడి లోపమే, చావుబ్రతుకుల మధ్యనున్న అన్న మాట అతనికి అందకుండా చేసినప్పుడు, మన నవ్వు మనకే చేదవుతుంది. ఆ ఘట్టం మంచి కథకుడు చేసిన పని. అయినా ఒకటి గమనించండి. ఇన్ని చిత్రాలలో తన దేహంతో తానే తెరమీదికి వచ్చినది సుధా చంద్రన్ ఒక్కరే. మిగిలినవారందరూ చూపున్నవారు, విన్నవారు, నడిచేవారు.

మొత్తం మీద తేలినది ఇది. మెట్టు దాటడానికి ఒక కథలో పట్టుదల ఉన్నది, ఒకదానిలో ప్రతిభ, ఒకదానిలో పసిహృదయం, ఒకదానిలో డబ్బు. మెట్టు తీసివేసిన కథ లేదు. మా మిత్రులు కొందరు ఈ వ్యాసం చదివి "సినిమా అంటే కథ, తాపీమేస్త్రీ పని కాదు. గుమ్మం ముందు వాలుదారి కట్టడంలో నాటకీయత ఏమున్నది?" అన్నారు. వారికి మా సమాధానం "మాలపిల్ల". 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఆ చిత్రంలో కథకు కేంద్రం అంటరానివారికి గుడి తలుపు తెరుచుకోవడమే. ఒక గుమ్మం ఎవరికి తెరవాలి, ఎవరికి మూయాలి అన్నదాని కన్న పెద్ద నాటకం ఉన్నదా? అప్పుడు తెలుగు సినిమాకు ఆ సంగతి తెలుసు. కులం పేరుతో మూసిన గుమ్మాన్ని గుర్తించిన కన్ను, మెట్ల పేరుతో మూసిన గుమ్మాన్ని ఇంకా గుర్తించలేదు.

ఈ దేశంలో మాత్రం గుర్తించినవారున్నారు. వర్ణవివక్ష నడుస్తున్న 1984లోనే ఇక్కడి వికలాంగులు దేశవ్యాప్తంగా తమ సంఘం స్థాపించుకున్నారు. "మమ్మల్ని వదలి మా గురించి ఏ నిర్ణయమూ వద్దు" అన్న నినాదం నేడు ప్రపంచమంతటా వినబడుతున్నది. జేమ్స్ చార్ల్‌టన్ అనే అమెరికన్ రచయిత దాని పేరుతోనే 1998లో ఒక గ్రంథం వెలువరించారు. తాను ఆ మాటను 1993లో దక్షిణాఫ్రికా నాయకులు మైకేల్ మసూతా, విలియం రోలండ్‌ల నోట విన్నానని అందులో చెప్పుకొన్నారు. మన రాజ్యాంగం తొమ్మిదవ విభాగం జాతి, వర్ణం, మతం మొదలైన వాటితో పాటు అంగవైకల్యం పేరుతో వివక్ష చూపడాన్ని కూడా నిషేధించింది.

అదే రాజ్యాంగంలో ఆరవ విభాగం ఉన్నది. దానిని మన సభలలో గర్వంగా చదువుతుంటాము, ఎందుకంటే అందులో మన భాష పేరున్నది. అచ్చులో ఒక అక్షరం అటూ ఇటూ అయి "తెలెగు" అని పడినా, ఉన్నది. గౌరవింపవలసిన భాషల పట్టికలో జర్మను, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, తెలుగు, ఉర్దూ. అయితే అదే ఉపవిభాగంలో, మనకు కొద్ది పంక్తుల పైన, ఇంకొక భాష పేరు ఉన్నదని మనం ఎన్నడైనా గమనించామా? అది సైగల భాష. 1996లో రాజ్యాంగం వచ్చినప్పుడు అది మన పక్క వాటాలో కాపురమున్న భాష. చెవిటి బిడ్డలు సైగ చేస్తే వారించి పెదవులు కదిపి పలకమని బలవంతపెట్టిన బడులు ఎన్నో దేశాలలో ఉండేవి. ఇక్కడ వారి బడులను కూడా జాతుల వారీగా విడదీశారు. అయినా వారు తమను రోగులుగా గాక భాష ఉన్న జనంగా నిలబెట్టుకొన్నారు. 2018లో మెట్రిక్ పరీక్షలో మాతృభాషగా సైగల భాష రాసిన మొదటి జట్టు వెలువడింది. 2023 జూలై 19న దక్షిణాఫ్రికా సైగల భాష ఈ దేశానికి పన్నెండవ అధికార భాష అయింది. 

మన తాతల కాలంలో తెలుగు మాట్లాడితే బడిలో నవ్వేవారని, అందుకే పిల్లలకు తెలుగు నేర్పలేదని చెప్పుకొని బాధపడతాము. నోటి భాష నోటిలోనే నొక్కివేస్తే ఎట్లుంటుందో మనకు తెలుసు. చేతుల భాష చేతులలోనే నొక్కివేస్తే ఎట్లుంటుందో మనకన్న బాగా ఎవరికి తెలియాలి? అయినా మన ఉగాది కవిసమ్మేళనంలో ఒక్కనాడైనా సైగల భాషలోకి చెప్పేవారిని నిలబెట్టామా? చెవిటి మనుమడు వంటింటి గడపలో కూర్చుంటే, మన అవ్వలు వానికి అన్నం పెడతారు, ముద్దు చేస్తారు. వాని భాషలో ఒక్క మాట నేర్చుకున్న ఇల్లు ఎన్ని ఉన్నాయి?

పేర్లు మార్చడంలో మాత్రం మనవారు చురుకైనవారు. కుంటి, గుడ్డి అన్న మాటలు పోయి వికలాంగులు అన్న మాట వచ్చింది. 2015 డిసెంబరులో భారత ప్రధాని సూచన మీద "దివ్యాంగులు" అన్న మాట వాడుకలోకి వచ్చింది. చులకన మాట పోవడం మంచిదే. కాని మనిషిని దేవుణ్ణి చేస్తే మొక్కి వదిలివేయవచ్చు, మెట్టు తీయనక్కరలేదు. వేణు విద్వాంసుణ్ణి ఆకాశానికి ఎత్తిన సినిమా చేసినది ఇదే. అందుచేత మేము ఈ వ్యాసంలో పాఠకులందరికీ తెలిసిన పాత మాటే వాడాము.

మన పెద్దలు ఈ విషయంలో చేతులు ముడుచుకొని కూర్చున్నారని మేము అనటం లేదు. 1921లో డర్బన్‌లో ఆర్యన్ బెనెవొలెంట్ హోమ్ వెలసింది. సర్కారు మనల్ని మనుషులుగా చూడని రోజుల్లో మనవారు చందాలు వేసి వృద్ధులకూ అనాథలకూ నీడ కల్పించారు. ఆ దాతృత్వానికి చేతులెత్తి మొక్కుతాము. కాని దానం చేసే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉంటాయి. ఇప్పుడు వారు అడుగుతున్నది పక్కన కుర్చీ.

కనుక విమర్శ రాసి ఊరుకోక లెక్క కూడా వేశాము. ఈ దేశపు భవన ప్రమాణాలు వాలుదారికి పెట్టిన హద్దు ఒకటికి పన్నెండు, అనగా ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మన గుమ్మం ముందు మూడు మెట్లు, ఒక్కొక్కటి 15 సెంటీమీటర్లు. మొత్తం 45. అంటే 5.4 మీటర్ల వాలుదారి చాలును. ఒక కారు నిలిపే చోటు కంటే కొంచెం ఎక్కువ. ఏటా ఉగాది పూలదండలకు, శాలువలకు, భోజనాలకు చందాలు పోగుచేసే మనకు ఇది మోయలేని భారమా? వేదికకు అయిదు మెట్లున్నాయి, దానికి 9 మీటర్లు కావాలి, చోటు చాలదంటారా? అయితే సన్మానం వేదిక కింద చేయండి. అధ్యక్షులూ, ముఖ్య అతిథులూ దిగి రండి. అందరికీ ఒకే నేల అవుతుంది.

ఈ పత్రిక కూడా తన వంతు చేయాలి. చిన్న అక్షరాలతో మేము వేసే పుటలు చూపు మందగించిన పాఠకులకు గోడలే. అంధులు చదువుకోగల రూపంలోకి పుస్తకాలను మార్చడానికి అడ్డుపడుతున్న కాపీరైటు నిబంధనలు చెల్లవని 2022 సెప్టెంబరులో మన రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. తెలుగుకు కూడా భారతి బ్రెయిలీలో లిపి ఉన్నది. చట్టం అడ్డు తొలగించాక కూడా మేము చదివి వినిపించే ఏర్పాటు చేయకపోతే తప్పు మాది. వచ్చే సంచిక నుంచి ప్రధాన వ్యాసాలను చదివించి రికార్డు చేయిస్తాము. అక్షరం పెద్దది చేస్తాము. పుటలు పెరిగితే కొన్ని ప్రకటనలు తగ్గించుకుంటాము.

ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళేముందు ఆ పెద్దాయనకు చదివి వినిపించాము. సినిమాల సంగతి విని నవ్వారు. "స్వాతిముత్యం" గురించి మాతో ఏకీభవించలేదు. కమల్ హాసన్ నటన ముందు మీ తర్కం నిలవదన్నారు. వాలుదారి లెక్క మాత్రం రెండుసార్లు అడిగి విన్నారు. కాటిసీను పద్యాలు ఇంకా గొంతులో ఉన్నాయని, దారి పడితే వచ్చే ఉగాదికి వచ్చి పాడతానని చెప్పారు. ఈసారి ఆయన పేరు పెద్ద అక్షరాలతో వేస్తాము. మోసినవారి పేర్లు వేయవలసిన అవసరం రాకుండా చూడవలసినది సభవారూ, చందాదారులూ, పాఠకులూ, మేమూ.